సందేహాలు - సమాధానాలు: వాన ఎందుకు పులుస్తోంది?

విశాఖలో వాన నీటి ఆమ్లత్వం పెరిగిందన్న వార్త వచ్చినప్పటి నుంచి ఈ శీర్షికకు ఆమ్ల వర్షాల మీద ఉత్తరాలు ఆగకుండా వస్తున్నాయి. కొన్నింట్లో భయం ఉంది, కొన్నింట్లో కోపం ఉంది. పిల్లల ఉత్తరాల్లో నిఖార్సయిన ప్రశ్నలున్నాయి. ఒకే సందేహాన్ని చాలామంది అడిగినచోట ఒక ఉత్తరాన్నే ఎంచుకున్నాను.

"పిల్లలిద్దరూ బడి నుంచి వస్తూ వానలో తడుస్తారు. యాసిడ్ వాన అని టీవీలో చెప్పారు. ఒళ్లు కాలుతుందా? జుట్టు ఊడుతుందా? డాబా మీద ఆరేసిన బట్టలు తడిస్తే మళ్లీ ఉతకాలా?"
— ఒక గృహిణి, గాజువాక

ఒళ్లు కాలదమ్మా, జుట్టూ ఊడదు. యాసిడ్ అనగానే బాత్‌రూం కడిగే సీసా గుర్తొచ్చి భయపడతాం. వానలో ఉండే ఆమ్లం ఆ స్థాయిది కానే కాదు.

ఆమ్లత్వాన్ని పీహెచ్ అనే కొలతతో చెబుతారు. 7 అంటే అటూ ఇటూ కాని నీరు. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం పెరుగుతుంది. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పదిరెట్లు పెరిగినట్టు, రెండు తగ్గితే వందరెట్లు. అందుకే 5.6కీ 4.6కీ తేడా చూడ్డానికి చిన్నదే అయినా చెరువులోని చేపకు చాలా పెద్దది.

ఏ కాలుష్యమూ లేనిచోట కురిసే వాన కూడా 7 ఉండదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చినుకులో కరిగి బలహీనమైన ఆమ్లంగా మారుతుంది కాబట్టి 5.6 దగ్గర ఉంటుంది. మెరుపులు, అగ్నిపర్వతాలు, సముద్రం నుంచి లేచే గంధకపు వాయువులు దాన్ని ఇంకాస్త కిందికి లాగుతాయి. మనుషులు మండించే బొగ్గు, చమురు నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు మేఘాల్లో సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలుగా మారి కలిసినప్పుడు దాన్ని ఆమ్ల వర్షం అంటాం. ఈ సమస్యతో బాగా దెబ్బతిన్న కాలంలో అమెరికా తూర్పు రాష్ట్రాల్లో వాన పీహెచ్ 4.2 - 4.4 వరకు పడిపోయింది. మన ఇంట్లో పులిసిన మజ్జిగ దాదాపు అంతే ఉంటుంది. చింతపండు పులుసు, నిమ్మరసం అంతకంటే ఎన్నో రెట్లు ఆమ్లం. వాటిని మనం తాగుతూనే ఉన్నాం.

పిల్లల విషయంలో మీరు కనిపెట్టుకోవాల్సింది వానను కాదు, గాలిని. వానను పులియబెట్టే ఈ వాయువులే వాన లేని రోజుల్లో సల్ఫేట్, నైట్రేట్ అనే అతి సన్నని రేణువులుగా మారి ఊపిరితిత్తుల లోపలికి చేరతాయి. ఉబ్బసం, పిల్లికూతలు ఉన్న పిల్లలకు అవే చేటు. వాన నిజానికి ఆ గాలిని కడుగుతుంది. బట్టల మీద మసి చారలు పడితే ఉతకండి. వానలో తడిశాయని మాత్రం మళ్లీ ఉతకనక్కర్లేదు.

"విశాఖలో వాన ఆమ్లంగా మారిందన్నది నిజమేనా? మా ఇంటి కిటికీ గ్రిల్స్ రెండేళ్లకే తుప్పు పట్టాయి. అది దీనివల్లేనా?"
— విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

నిజమే. భారత వాతావరణ శాఖకు దేశంలో పది చోట్ల వాన నీటి రసాయన స్వభావాన్ని ఏళ్ల తరబడి నమోదు చేసే కేంద్రాలున్నాయి. శ్రీనగర్, జోధ్‌పూర్, ప్రయాగ్‌రాజ్, అస్సాంలోని మోహన్‌బారీ, నాగ్‌పూర్, పుణె, విశాఖపట్నం, కొడైకెనాల్, మినికాయ్, పోర్ట్ బ్లెయిర్. 1987 నుంచి 2021 దాకా సేకరించిన లెక్కలను వాతావరణ శాఖ, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు కలిపి చూశారు. చాలా కేంద్రాల్లో పీహెచ్ క్రమంగా తగ్గుతోంది. ఎక్కువ ఆమ్లత్వం కనిపించినవి విశాఖ, ప్రయాగ్‌రాజ్, మోహన్‌బారీ. విశాఖకు కారణాలుగా చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల పరిశ్రమ, ఓడల రాకపోకల నుంచి వచ్చే వాయువులను చూపారు. దీనికి భూగోళం కూడా తోడైంది. కొండల మధ్య గిన్నెలా ఉన్న ఊరు కాబట్టి పొగ తొందరగా చెదిరిపోదు.

జోధ్‌పూర్, శ్రీనగర్ ఎందుకు తప్పించుకున్నాయన్నది ఇంకా ఆసక్తికరం. థార్ ఎడారి నుంచి లేచే ధూళిలో సున్నం ఉంటుంది. గాలిలో ఏర్పడిన ఆమ్లాన్ని అది అక్కడికక్కడే విరిచేస్తుంది. పారిశ్రామిక దేశాలన్నింటినీ ఆమ్ల వర్షం వణికించిన రోజుల్లో మన ఉత్తర భారతంలో వాన పీహెచ్ 6కు పైనే ఉండేది. "మనకు ఆ బాధ లేదు" అన్న మాట అలా పుట్టింది. అయితే మనల్ని కాపాడింది మన జాగ్రత్త కాదు, మన దుమ్ము. తూర్పు తీరానికి, ఈశాన్యానికి ఆ దుమ్ము అంతగా చేరదు.

మీ గ్రిల్స్ సంగతికొస్తే, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో ఇనుమును ముందు తినేది ఉప్పుగాలి. ఆమ్లం దానికి కాస్త చేయందిస్తుందంతే. ఎర్ర ప్రైమర్ పూసి, రంగు వేయించండి.

"మిర్చి తోటలో వాన పడ్డ నాలుగు రోజులకు ఆకులు ముడుచుకుని, మచ్చలు వచ్చాయి. ఇది ఆమ్ల వర్షం అని చెప్పి దుకాణంలో ఒక పొడి ఇచ్చారు. చల్లమంటారా?"
— ఒక రైతు, పల్నాడు జిల్లా

చల్లకండి. డబ్బు దండగ. మీరు రాసిన లక్షణాలు మిర్చి రైతులకు ఎప్పటి నుంచో తెలిసినవే. ఆకు పడవలా పైకి ముడుచుకుంటే పైముడత, అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే కింది ముడత, అది తెల్లనల్లి. చిన్నగా, ముద్దగా, పసుపు పచ్చగా మారితే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. వాన తర్వాత తేమకు ఆకుమచ్చ తెగులూ వస్తుంది. రెండు మూడు కొమ్మలు తుంచి వ్యవసాయ విస్తరణ అధికారికి గానీ లాం ఫారం శాస్త్రవేత్తలకు గానీ చూపించండి. మందు అసలు కారణాన్ని బట్టి ఉంటుంది.

మీది నల్లరేగడి అని రాశారు. నల్లరేగడిలో సహజంగానే సున్నం ఉంటుంది. దున్నినప్పుడు తెల్ల గులకలు కనిపిస్తాయి చూడండి, అవే. అలాంటి నేల మీద పడ్డ ఆమ్లం ఇట్టే విరిగిపోతుంది. ఆమ్ల వర్షానికి లొంగేవి సున్నం లేని పలుచటి నేలలు. మన దగ్గర అల్లూరి జిల్లా ఏజెన్సీలోని కొండ నేలలు, కొన్ని ఎర్ర నేలలు ఆ కోవలోకి వస్తాయి. అక్కడ కూడా, నిజం చెప్పాలంటే, నేలను పుల్లబరిచేది వానకంటే ఎక్కువగా మనం వేసే ఎరువులే. యూరియా, అమ్మోనియం సల్ఫేట్ మట్టిలో నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం విడుదలవుతుంది. మోతాదు మించి ఏళ్ల తరబడి వేస్తే పీహెచ్ దిగజారుతుంది. భూసార పరీక్షలో 6 కంటే బాగా తక్కువ వస్తే సున్నం వేయాలి. ఎంత వేయాలో ఆ పరీక్ష చీటీయే చెబుతుంది.

ఇంకో మాట. వానతో నేలకు చేరే గంధకం మొక్కకు ఆహారం కూడా. వేరుశనగకు తొలి పూతలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తాం కదా, అందులో కాల్షియంతో పాటు కావాల్సింది ఆ గంధకమే. ఐరోపాలో గాలి శుభ్రపడ్డాక అక్కడి రైతులు ఆవజాతి పంటలకు గంధకం విడిగా కొని వేయాల్సి వచ్చింది.

అయితే పొలం పక్కనే ఇటుక బట్టీ గానీ, థర్మల్ కేంద్రం గానీ ఉంటే లెక్క వేరు. అప్పుడు వానతో పనిలేకుండా సల్ఫర్ డయాక్సైడ్ నేరుగా ఆకు రంధ్రాల్లోకి దూరుతుంది. ఈనెలు పచ్చగానే ఉండి, ఈనెల మధ్య భాగం తెల్లబారడమో గోధుమ రంగుకు తిరగడమో దాని గుర్తు. గాలి వాలు ఉన్న వైపు మొక్కలకే ఎక్కువగా వస్తుంది. అలా కనిపిస్తే ఫొటోలు తీసి, తేదీలు రాసుకుని కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి.

"తాజ్‌మహల్ ఆమ్ల వర్షం వల్ల పసుపు రంగులోకి మారిందని మా పుస్తకంలో ఉంది. మా అన్నయ్య అది దుమ్మువల్ల అంటాడు. ఎవరిది నిజం? మన గుళ్లకూ ఇలా అవుతుందా?"
— పదో తరగతి విద్యార్థిని, కాకినాడ

మీ ఇద్దరిదీ నిజమేనమ్మా, కాకపోతే చెరో సగం.

పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. సల్ఫ్యూరిక్ ఆమ్లం తగిలితే అది జిప్సంగా మారుతుంది. జిప్సం నీటిలో కొంచెం కొంచెంగా కరుగుతుంది, ఉబ్బి పొరలుగా ఊడుతుంది. నున్నటి పాలరాయి గరుకుబారి, గుంటలు పడేది ఇలా. గ్రీసు దేశంలో ఏథెన్స్ కొండ మీద ఒక ఆలయానికి స్తంభాలుగా నిలిచిన స్త్రీ విగ్రహాలున్నాయి. రెండున్నర వేల ఏళ్ల నాటివి. నగరపు గాలి వాటి ముఖాలను తినేస్తుంటే 1979లో వాటిని దించి మ్యూజియంలో భద్రపరిచి, బయట నకళ్లు నిలబెట్టారు.

ఆగ్రాకు ఎగువన మథురలో చమురు శుద్ధి కర్మాగారం వస్తుందన్నప్పుడు మన దేశంలోనూ ఇదే భయం పుట్టింది. కర్మాగారం 1982లో మొదలైంది. ఆగ్రాలో బొగ్గు మండించే పోత కొలుముల పొగ అప్పటికే ఉంది. న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న తీర్పు చెప్పింది. తాజ్ చుట్టూ సుమారు 10,400 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో ఉన్న 292 పరిశ్రమలు బొగ్గు మాని సహజవాయువుకు మారాలి, లేదంటే అక్కడి నుంచి తరలిపోవాలి. గంధకాన్ని పుట్టినచోటే ఆపాలన్న ఆలోచనకు మన దేశంలో దక్కిన పెద్ద గెలుపు అది.

ఇక పసుపు రంగు. ఐఐటీ కాన్పూర్, పురావస్తు సర్వే, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి చేసిన అధ్యయనం 2014 చివర్లో వచ్చింది. తాజ్ మీద పేరుకున్న రేణువులను పరిశీలిస్తే అందులో ఎక్కువగా ఉన్నవి దుమ్ము, చెత్తా పిడకలూ ఇంధనాలూ మండినప్పుడు వచ్చే కర్బన రేణువులు. వాటివల్లే తెల్లరాయి గోధుమ, పసుపు ఛాయలకు తిరుగుతోందని తేల్చారు. అంటే రాయిని కొరికేది ఆమ్లం, రంగు మార్చేది మసి, దుమ్ము. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయి. అన్నయ్యతో మాత్రం పందెం కాయకు.

మన గుళ్లు చాలావరకు నల్లరాయి, గ్రానైట్. లేపాక్షి, వేయిస్తంభాల గుడి, రామప్ప శిల్పాలు... ఈ రాళ్లలో సున్నం దాదాపు ఉండదు కాబట్టి ఆమ్లం వాటిని ఏమంత చేయలేదు. జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు పల్నాటి సున్నపురాయితో చెక్కినవి. బయట గాలికి వదిలేస్తే తాజ్‌కు ఉన్న ముప్పే వాటికీ ఉంది. చార్మినార్‌లో రాయి గట్టిదే గానీ దాని మీద అల్లికల్లా కనిపించే పనితనమంతా సున్నపు గచ్చు. చుట్టూ వాహనాల పొగ ఉన్నంతకాలం ఆ గచ్చుకు శాంతి లేదు.

"ఇక్కడ హెలికాప్టర్‌తో అడవిలోని సరస్సులో తెల్లటి పొడి పోయడం చూశాను. సున్నం అట. ఇంత పచ్చటి దేశంలో సరస్సుకు ఏమొచ్చింది?"
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గోథెన్‌బర్గ్, స్వీడన్

మీరు చూసింది నలభై ఏళ్లకు పైబడి నడుస్తున్న వైద్యం. స్వీడన్‌లో సరస్సులకు సున్నం వేయడం 1970ల చివర నుంచి ప్రభుత్వ ఖర్చుతో జరుగుతోంది. వేల సరస్సులకు వేశారు.

అక్కడి నేల కింద గ్రానైట్. సున్నం లేని పలుచటి మట్టి. ఆమ్లం పడితే విరిచే దిక్కు లేదు. నీటి పీహెచ్ 5 దరిదాపుకు వచ్చేసరికి చేప గుడ్లు పొదగవు. దానికి తోడు, మట్టిలో గట్టిగా బిగిసి ఉన్న అల్యూమినియాన్ని ఆమ్లం విడిపించి నీటిలో కలుపుతుంది. అది చేప మొప్పలకు పట్టి ఊపిరాడనివ్వదు. సరస్సు అద్దంలా తేటగా, అందంగా కనిపిస్తుంది. లోపల బతికున్నవి బాగా తగ్గిపోయాయి కాబట్టే ఆ తేటదనం.

మరి స్వీడన్‌లో అంత పొగ ఎక్కడిది? ఈ చిక్కుముడిని విప్పినవాడు స్వాంటె ఓడెన్ అనే నేలల శాస్త్రవేత్త. ఐరోపా అంతటా ఉన్న వాన నీటి లెక్కలను ఒకచోట చేర్చి, గాలి వాటాన్ని పోల్చి చూసి 1967లో దాగెన్స్ నీహేతెర్ అనే దినపత్రికలో రాశాడు. తమ సరస్సుల్లో పడుతున్న గంధకంలో చాలా భాగం బ్రిటన్, జర్మనీ వంటి దేశాల పొగగొట్టాల నుంచి వస్తున్నదేనని, ఇది దేశాల మధ్య రసాయన యుద్ధం లాంటిదని. ఎవరూ ముందు నమ్మలేదు.

విచారించదగిన విషయమేమిటంటే, ఆ పొగ అంత దూరం రావడానికి ఒక మంచి ఉద్దేశమే దారి తీసింది. 1952లో లండన్‌ను కమ్మిన పొగమంచుకు వేలమంది చనిపోయారు. ఆ తర్వాత 1956లో చట్టం తెచ్చారు, ఊళ్లో మసి తగ్గించారు, విద్యుత్ కేంద్రాలను ఊరికి దూరంగా, ఎత్తయిన చిమ్నీలతో కట్టారు. ఊరి గాలి తేటపడింది. పైకి పంపిన గంధకం మాత్రం ఎక్కడికీ పోలేదు, నాలుగైదు రోజులు గాలిలో ప్రయాణించి ఆమ్లంగా మారి ఇంకొకరి అడవిలో దిగింది. అమెరికాలోనూ ఇదే జరిగింది. న్యూహాంప్‌షైర్‌లోని హబర్డ్ బ్రూక్ అడవిలో 1963 నుంచి వాన నీటిని పరీక్షించిన జీన్ లైకెన్స్, తన సహచరుడు బోర్మన్‌తో కలిసి 1974లో ఒక మాట రాశాడు. చిమ్నీలు ఎత్తు చేసి, మసిని పట్టే యంత్రాలు పెట్టి, ఊరి మసి సమస్యను ప్రాంతమంతటి ఆమ్ల వర్షం సమస్యగా మార్చుకున్నామని దాని సారాంశం. మసిలో, బూడిదలో ఉండే క్షారం అంతకుముందు ఆమ్లాన్ని కొంత విరిచేది. ఆ బూడిదను పట్టి, గంధకాన్ని వదిలేస్తే మిగిలేది పులుపే.

1979లో జెనీవాలో ఐరోపా దేశాలు, అమెరికా, కెనడా సరిహద్దులు దాటే వాయు కాలుష్యం మీద ఒప్పందం కుదుర్చుకున్నాయి. వాటిలో చాలా దేశాలు 1985 నాటి హెల్సింకి ఒప్పందంలో గంధకాన్ని 30 శాతం తగ్గిస్తామన్నాయి. ఆ తర్వాత అంతకుమించి తగ్గించాయి. 1990తో పోలిస్తే ఇప్పుడు ఐరోపాలో గంధకం విడుదల 80 శాతానికి పైగా పడిపోయింది. అమెరికా 1990 చట్టంతో విద్యుత్ కేంద్రాల గంధకాన్ని 90 శాతానికి పైగా తగ్గించింది.

అయినా మీరు హెలికాప్టర్‌ను ఇంకా చూస్తున్నారంటే, కారణం నేల. దశాబ్దాల పాటు ఆమ్లం కడిగేసిన కాల్షియం, రాళ్లు అరిగి మళ్లీ పోగుపడాలంటే చాలా కాలం పడుతుంది. హబర్డ్ బ్రూక్‌లో 1999లో ఒక లోయ మీద కాల్షియం ఖనిజాన్ని హెలికాప్టర్‌తోనే చల్లి చూశారు. అక్కడి చెట్లు మెల్లగా కోలుకున్నాయి.

"మా ఊరు థర్మల్ స్టేషన్ పక్కనే. గంధకం పట్టే ఎఫ్‌జీడీ యంత్రం పెడతారని ఏండ్ల నుంచి విన్నం. ఇప్పుడు అక్కర్లేదంటున్నరు. మన బొగ్గుల గంధకం తక్కువట, చిమ్నీ పొడుగు చాలట. ఇది నిజమా?"
— ఒక పాఠకుడు, రామగుండం

ఈ ప్రశ్నకు కొంచెం ఓపికగా జవాబు చెప్పాలి. ముందు జరిగింది చెబుతాను. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ కేంద్రాలకు సల్ఫర్ డయాక్సైడ్ హద్దులు పెట్టింది. 500 మెగావాట్ల లోపు పాత యూనిట్లకు ఘనపు మీటరుకు 600 మిల్లీగ్రాములు, అంతకు పైబడిన వాటికి 200, 2017 తర్వాత వచ్చే వాటికి 100. గడువు రెండేళ్లు. ఆ గడువును పదే పదే పొడిగించారు. తర్వాత కేంద్రాలను మూడు వర్గాలు చేశారు. ఢిల్లీ ప్రాంతానికి, పది లక్షలు దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి మొదటి వర్గం. తీవ్ర కాలుష్య ప్రాంతాల దగ్గరివి రెండోది. మిగతావన్నీ మూడోది. దేశంలో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ మూడో వర్గమే. 2025 జులైలో వీటికి చిమ్నీ ఎత్తు నిబంధన పాటిస్తే చాలని మినహాయింపు ఇచ్చారు.

"మన బొగ్గులో గంధకం తక్కువ" అన్నది అబద్ధం కాదు. సాధారణంగా అర శాతం లోపే ఉంటుంది. కానీ మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం. వేడి తక్కువ. ఒక యూనిట్ కరెంటుకు ఎక్కువ బొగ్గు మండించాలి. లెక్క వేసి చూద్దాం. 1000 మెగావాట్ల కేంద్రం ఏడాదికి సుమారు 45 లక్షల టన్నుల బొగ్గు కాలుస్తుంది. గంధకం 0.4 శాతమే అనుకున్నా 18 వేల టన్నులు. ఆక్సిజన్‌తో కలిస్తే బరువు రెట్టింపై 36 వేల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. అందులో కొంత బూడిదకు అంటుకుంటుంది, మిగతాదంతా పైకే. శాతం చిన్నదే, మొత్తం చిన్నది కాదు. 2017లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఉపగ్రహ కొలతలతో చూస్తే, పదేళ్లలో చైనా గంధకాన్ని 75 శాతం తగ్గించుకుంది, మనది 50 శాతం పెరిగింది. చైనా దగ్గరున్నది కూడా బొగ్గే. తేడా యంత్రంలో ఉంది.

మినహాయింపును సమర్థించేవారి ప్రధాన వాదన ఇంకొకటి ఉంది. థర్మల్ కేంద్రాల చుట్టూ గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ కొలిస్తే హద్దులోపే ఉంది, ఎఫ్‌జీడీ ఉన్నచోటా లేనిచోటా పెద్ద తేడా లేదు అని. ఆ కొలతలను నేను కాదనను. కానీ 275 మీటర్ల చిమ్నీ పెట్టేదే దగ్గర్లో పడకుండా ఉండటానికి. దాని మొదట్లో నిలబడి కొలిస్తే తక్కువే వస్తుంది. గంధకం వందల కిలోమీటర్లు పోయి, దారిలో సల్ఫేట్ రేణువుగా మారి, ఇంకొక జిల్లా గాలిలో, ఇంకొక రాష్ట్రం వానలో తేలుతుంది. అప్పుడు దానికి సల్ఫర్ డయాక్సైడ్ అన్న పేరు ఉండదు కాబట్టి ఆ పద్దులో కనిపించదు. చిమ్నీ పొడుగు చాలన్నది బ్రిటన్, అమెరికా అరవై ఏళ్ల కిందట అన్న మాట. అది ఎక్కడ తేలిందో గోథెన్‌బర్గ్ ఉత్తరానికి ఇచ్చిన జవాబులో చదవండి.

ఎఫ్‌జీడీలో మాయ ఏమీ లేదు. సున్నపురాయిని పొడిచేసి నీళ్లలో కలిపి, పైకి పోయే పొగ మీద జల్లుతారు. గంధకం సున్నంతో కలిసి జిప్సం అవుతుంది. 90 శాతానికి పైగా దొరుకుతుంది. ఒక టన్ను సల్ఫర్ డయాక్సైడ్‌కు టన్నున్నర పైచిలుకు సున్నపురాయి కావాలి. మన రెండు రాష్ట్రాల్లో పల్నాడు, నల్గొండ, కర్నూలు, తాండూరు ప్రాంతాల్లో దానికి కొదవ లేదు. వచ్చే జిప్సం సిమెంటు కర్మాగారాలకు పనికొస్తుంది. ఖర్చు మాత్రం ఉంది. యంత్రానికి పెట్టుబడి, నడపడానికి నీళ్లు, కొంత కరెంటు. యూనిట్ ధర కొన్ని పైసలు పెరుగుతుంది. ఈ ఖర్చును దాచకుండా చెప్పాలి. అలాగే ఆసుపత్రి బిల్లులు, పాడైన నేల కూడా ఖర్చేనని చెప్పాలి. అవి విద్యుత్ బిల్లులో కనిపించవు, ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు.

కాబట్టి అన్ని కేంద్రాలకూ ఒకేసారి కాకపోయినా, పెద్దవాటికీ, ఇంకా ఇరవై ఏళ్లకు పైగా నడవబోయే కొత్తవాటికీ గంధకం పట్టే యంత్రం తప్పనిసరి చేయాలన్నది నా అభిప్రాయం. పాతబడ్డ యూనిట్లను మూసేయడమే మేలు. మీ పక్కన ఉన్న కేంద్రం పర్యావరణ అనుమతి పత్రాల్లో ఏయే షరతులున్నాయో, చిమ్నీ దగ్గర నిరంతరం తీసే కొలతలు ఎంత వస్తున్నాయో సమాచార హక్కు కింద అడగండి. అడిగే హక్కు మీకుంది.

దక్షిణాసియా దేశాలు సరిహద్దులు దాటే కాలుష్యం మీద 1998లో మాలేలో ఒక ప్రకటన చేశాయి, మన దేశం కూడా సంతకం పెట్టింది. ఎంత తగ్గించాలో అందులో అంకె లేదు. జెనీవా ఒప్పందానికి బలం ఆ తర్వాత చేరిన అలాంటి అంకెల నుంచే వచ్చింది.

"నేను స్కూటర్ మానేసి బస్సెక్కితే ఆమ్ల వర్షం తగ్గుతుందా?"
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

గంధకం విషయంలో మీ స్కూటర్ వాటా ఇప్పుడు చాలా తక్కువ. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది లక్షల్లో 10 వంతులే. అంతకుముందు 50. అదే ఏడాది ఓడల ఇంధనంలోనూ ప్రపంచవ్యాప్తంగా గంధకం హద్దును 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దించారు. రేవు ఉన్న విశాఖ, కాకినాడలకు అది మేలే. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం ఇంజన్ వేడికి గాలిలోంచే పుడతాయి. ఇంధనం ఎంత శుద్ధమైనా అవి వస్తాయి. అందుకని బస్సెక్కండి, మంచిదే. ఇంట్లో కరెంటు పొదుపు దానికంటే ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే మన గంధకంలో పెద్ద భాగం బొగ్గు కరెంటుది.

"ఇన్వర్టర్ బ్యాటరీలో వాన నీళ్లు పోస్తుంటాం. ఆమ్ల వర్షమైతే బ్యాటరీ పాడవుతుందా?"
— దుకాణదారు, నంద్యాల

బ్యాటరీలో ఉండేదే సల్ఫ్యూరిక్ ఆమ్లం. వానలోని పిసరంత ఆమ్లం దాన్ని ఏమీ చేయదు. చెరిచేది డాబా మీద నుంచి జారుతూ వాన నీరు వెంట తెచ్చుకునే దుమ్ము, ఇనుము, లవణాలు. డిస్టిల్డ్ వాటర్ కొని పోయండి.

"మా బడి పిల్లలతో వాన నీటి పీహెచ్ కొలిపించాలని ఉంది. లిట్మస్ కాగితంతో తెలుస్తుందా?"
— సైన్సు ఉపాధ్యాయుడు, అనకాపల్లి జిల్లా

లిట్మస్ చాలదు మాస్టారూ. ఆమ్లమా క్షారమా అని మాత్రమే చెబుతుంది. మందారపూల రసం, ఎర్ర క్యాబేజీ రసం పిల్లలకు రంగులు చూపడానికి చక్కగా ఉంటాయి గానీ 5.6కీ 4.8కీ తేడా పట్టలేవు. 4 నుంచి 7 వరకు చిన్న చిన్న మెట్లతో చూపే పీహెచ్ కాగితం తెప్పించండి. వాన నీటిలో లవణాలు చాలా తక్కువ కాబట్టి కాగితం రంగు తేలడానికి ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. చౌక మీటర్లు వాడితే ప్రతిసారీ సరిచూసుకోండి. లేదంటే అంకె అటూ ఇటూ ఊగిపోతుంది.

నీళ్లు పట్టేది ప్లాస్టిక్ గిన్నెలో, డిస్టిల్డ్ నీటితో రెండుసార్లు కడిగి. రేకు, సిమెంటు డాబా, చెట్టు కింద వద్దు. సిమెంటులోని సున్నం కలిస్తే 7 దాటి చూపిస్తుంది. గిన్నెను వాన మొదలయ్యాకే బయట పెట్టండి, ముందే పెడితే దుమ్ము పడి లెక్క మారుతుంది. కొలవడం అదే రోజు కావాలి. మొదటి పది నిమిషాల వాన ఒక గిన్నెలో, తర్వాతి వాన ఇంకో గిన్నెలో పట్టించండి. రెండింటికీ తేడా ఎందుకు వచ్చిందో పిల్లలనే ఆలోచించమనండి.

ఒక్క వానతో ఏమీ తేలదు. తేదీ, వేళ, గాలి ఏ దిక్కు నుంచి వీచిందో రాస్తూ నైరుతి నుంచి ఈశాన్యం దాకా ఒక ఏడాది పుస్తకం నడపండి. సముద్రం మీంచి వచ్చే గాలికీ, విశాఖ వైపు నుంచి వచ్చే గాలికీ అంకె మారుతోందా లేదా అన్నది అప్పుడు కనిపిస్తుంది. ఆ పుస్తకం పేజీలు పంపితే ఈ శీర్షికలోనే వేస్తాం.